నీ చేతు లెట్లాడెనో

వనపర్తి చెల్లె అడిగిన సందేహం మంచిది. తను చదువుతున్న క్రైమ్ నవలలో సుపారీ తీసుకున్న హంతకుడు అర్ధరాత్రి ఇంట్లోకి దిగుతాడు. చంపాల్సిన మనిషి కళ్లజోడు తీయకుండానే నిద్రపోయి ఉంటాడు. అక్కడ రచయిత "వాడికి చేతులాడలేదు" అని రాశాడు. తడబడ్డాడని అర్థమా, జాలిపడ్డాడని అర్థమా?

జాలికే దగ్గర. కానీ జాలి ఒక్కటే అంటే సరిపోదు.

మన దిక్కు "కాలు చెయ్యి ఆడుతలేదు" అంటే గాబరా. "చేతిల పైసలాడుతలేవు" అంటే కటకట. ఒట్టి "చేతులాడలే" అంటే మాత్రం మనసొప్పక చెయ్యి ముందుకు పోలేదని. దేవరకొండ దిక్కు పండగపూట వినండి. గింజలేసి పెంచిన కోడిని తెచ్చి ముందర పెడితే "నాకు చేతులాడయి, మీ మామను కొయ్యమను" అని పెద్దమ్మ లోపలికి పోతది. కూర తనే వండుతది, అందరితోపాటు తింటది. కొయ్యడానికే చేతులాడవు.

ఈ మాటను పోతన ఎక్కడ పెట్టాడో చూడండి. భాగవతం ప్రథమ స్కంధంలో, నిద్రలో ఉన్న తన పిల్లలను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెస్తే ద్రౌపది అంటుంది:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?

రారు, లేరు, చేయరు. చంపినవాడు చెప్పుకోగల సాకులన్నీ ఆ మూడు క్రియలతోనే ఆమె కొట్టేసింది. మీద పడి రాలేదు, ఆయుధాలు పట్టి యుద్ధంలో నిలబడలేదు, నీకు ఇంత ద్రోహమూ చెయ్యలేదు. ఆ తర్వాత "నువ్వెట్లా చంపావు" అనలేదు. చేతులను అడిగింది. ఎవరు చెప్పినా, ఎంత పగ ఉన్నా, కొన్నింటి ముందు చేతులు తమంతట తామే ఆగాలి కదా, నీవి ఎందుకు ఆగలేదు అని. అందుకే ఆ "అకటా" నాకు తిట్టులా వినపడదు, గుండె పగిలిన తల్లి ఆశ్చర్యంలా వినపడుతుంది.

ఇట్లాంటి నవలల్లో హంతకుడి మీద మనకు ప్రేమ పుట్టించాలంటే చచ్చేవాళ్లను దుర్మార్గులను చేస్తారు, లేదా హంతకుడికి జబ్బుపడ్డ బిడ్డను ఇస్తారు. ద్రౌపదికి ఆ అవసరం రాలేదు. నేరాన్ని వీసమెత్తు తగ్గించకుండానే గురుపుత్రుడని మొక్కింది, తనలాగా వీడి తల్లి కృపి ఏడవకూడదని కట్లు విప్పించమంది. చెల్లె చెప్పిన నవలలో ఆ ఒక్క వాక్యం అంత పని చేసింది. ఆ వెంటనే "వాడికీ అలాంటి తండ్రే ఉండేవాడు" అని అరపేజీ రాయడం అనవసరం. చేతులాడలేదన్నాక పాఠకుడికి అంతా తెలిసిపోయింది.

వ్యాకరణం సంగతి: "వాడికి" అనడమే సరైంది. ఆకలైనట్టు, ఏడుపొచ్చినట్టు ఇది మనిషికి జరిగేది, మనిషి చేసేది కాదు. పద్యంలో "చేతులు ఆడెను" అని ఉండటం తప్పు కాదు, అమహద్వాచకాలకు, అంటే చేతుల్లాంటి మనుషులు కానివాటి పేర్లకు, బహువచనంలోనూ పాత తెలుగులో ఆ రూపమే. ఇవాళ నల్లగొండలో తిడితే "నీకు చేతులెట్లాడినయిరా" అంటారు. పోతన మాటకూ దీనికీ ఎంత దూరముంది?

గద్వాల, అచ్చంపేట దిక్కువాళ్లు చెప్పండి, మీ ఇండ్లల్లో "చేతులాడలే" అంటరా, "చేతులు రాలే" అంటరా?