అబద్ధపు కాగితంతో పిల్లల్ని కాపాడుకున్న తండ్రిని కథలో ఏం చేయాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం సాయంత్రం పిల్లలకు కథ చదువుతాను. ఇక్కడ బడిలో ఒడియానే కాబట్టి చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, అందుకే నేనే రాసి నేనే చదువుతాను. ఇప్పుడు క్రీ.శ. 250 నాటి కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికాలో రోమా పాలనలో ఉన్న నగరం) కథ నడుస్తోంది. రోమా చక్రవర్తి డెషియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని, అర్పించినట్టు అధికారుల చేత కాగితం రాయించుకోవాలని ఆజ్ఞ ఇచ్చిన రోజులవి. నా కథలో తండ్రి పెళ్ళాం పిల్లల్ని ఇంట్లోనే ఉంచి, తానొక్కడే వెళ్ళి ధూపం వేసి అందరి పేరునా కాగితం తెచ్చాడు. పోయిన వారం అంతవరకు చదివేసరికి ఒక పాప "అయితే ఆయన యేసయ్యని వద్దన్నట్టేనా అక్కా?" అంది. ఏం చెప్పాలో తెలియక ప్రార్థన చేసి పంపేశాను. పెద్దవాళ్ళలో ఒకాయన అతన్ని చివర్లో చంపేయమ్మా, పిల్లలకు బుద్ధి వస్తుంది అన్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

సండేస్కూల్ మాస్టారు, బరంపురం:

చంపొద్దమ్మా. నువ్వు ఊహించి రాసిన మనిషి నిజంగానే ఉన్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఉత్తరాల్లో ఒకచోట సరిగ్గా ఇలాంటివాడి గురించే రాశాడు. ఆజ్ఞ వచ్చిందే తడవు పరుగెత్తి బలి ఇచ్చినవాడూ, అందరి తరఫున తానొక్కడే ఆ ప్రమాదంలోకి వెళ్ళి భార్యనీ పిల్లల్నీ ఇంటిల్లిపాదినీ కాపాడినవాడూ ఒకటి కాదన్నాడు. అలాంటివాళ్ళు పారిపోయి వచ్చిన విశ్వాసుల్ని తమ ఇంట్లో దాచారని కూడా రాశాడు. అలాగని తప్పు కాదనలేదు, పశ్చాత్తాపం ఉండాల్సిందే అన్నాడు. 251లో కార్తేజ్‌లో బిషప్పులంతా కూర్చుని, లంచమిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నవాళ్ళని ఒక్కొక్కరి సంగతీ విచారించి చేర్చుకోవచ్చనీ, బలి ఇచ్చినవాళ్ళకు మాత్రం దీర్ఘకాలం పశ్చాత్తాపం తప్పదనీ తేల్చారు. ఆ తర్వాత మళ్ళీ హింస వచ్చేలా ఉందని తెలిసి వాళ్ళనీ చేర్చుకున్నారు. ఇంకో సంగతి, డెషియస్ కాలంలో సిప్రియన్ తానే దాక్కున్నాడు, అందుకు మాటలు కూడా పడ్డాడు. 258 సెప్టెంబరు 14న మాత్రం తప్పించుకోకుండా నిలబడి తల ఇచ్చాడు. ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ పాపకు ఇది చెప్పు.

గుణుపురం అబ్బాయి:

మాస్టారు చెప్పింది బాగుంది. నాది పుస్తకాల్లో చదివింది కాదు. 2008లో మన ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద దాడులు జరిగినప్పుడు అక్కణ్ణించి వచ్చేసిన ఒక కుటుంబం మా నాయనమ్మ ఇంటి వెనక వసారాలో రెండు నెలలున్నారు. ఊరికి తిరిగి రావాలంటే మతం వదిలేశానని కాగితం మీద వేలిముద్ర వెయ్యాలన్నారట, ముసలి అత్తగారు అక్కడే ఉండిపోయిందని ఆయన వెళ్ళి వేసి, ఆవిణ్ణి తీసుకుని మళ్ళీ వచ్చేశాడు. ఆయన మాతో కలిసి ప్రార్థనలో కూర్చునేవాడు కాదు, గుమ్మం దగ్గరే ఉండేవాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆయన బొటనవేలిని రాయికేసి రుద్దుకుంటూ ఉండడం చూశాను, సిరా ఎప్పుడో పోయింది, అయినా రుద్దేవాడు. నాయనమ్మ ఒకరోజు ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కీర్తనల పుస్తకం ఆయన చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. అక్కా, మీ కథలో ఆయన్ని అలా ఎవరైనా పిలిచేటట్టు రాయండి.

జె. కె. రోడ్, రాయగడ:

ఒక చిన్న విషయం. ఆ కాగితాలు ఈజిప్టు పొడి ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఒకదాంట్లో ఔరేలియా బెల్లియాస్ అనే తల్లి పేరూ, కపీనిస్ అనే ఆమె కూతురి పేరూ ఉన్నాయి. మేము ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే ఉన్నాం, ఇప్పుడు మీ ఎదుటే అర్పించి రుచి చూశాం, ధ్రువీకరించండి అని. కింద ఇద్దరు అధికారులు చూశామని రాశారు. తేదీ 250 జూన్ 21. ఆ తల్లీకూతుళ్ళు క్రైస్తవులో కాదో ఆ కాగితాన్ని బట్టి చెప్పలేం, ఆజ్ఞ అందరికీ కదా. మన ఇళ్ళల్లో రేషన్ కార్డుని ప్లాస్టిక్ కవర్లో దాచినట్టు ఏదో మూల దాచుకునే ఉంటారు. మీ తండ్రి ఆ కాగితం ఎక్కడ పెట్టాడో రాశారా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

లేదండీ, ఆ ఆలోచనే రాలేదు. రాత్రంతా కూర్చుని తిరగరాశాను. ఆయన ఇంటికి వస్తాడు, కాగితం బియ్యం కుండ అడుగున పెడతాడు (బియ్యం అక్కడ ఉండవు, గోధుమలని మార్చాలి). చిన్నది పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుని, నాన్నా నీ బట్టలు ధూపం వాసన వస్తున్నాయేంటి అంటుంది. భార్య పొయ్యి దగ్గర్నించి తిరిగి చూస్తుంది, ఏమీ అడగదు. ఆ రాత్రే తలుపు చప్పుడవుతుంది, బయట పారిపోయి వచ్చిన ఇద్దరు. వచ్చే ఆదివారం ఇంతవరకు చదువుతాను. తమ్ముడూ, మీ నాయనమ్మ చేసిన పని ఆ భార్య చేత చేయించవచ్చా?

గుణుపురం అబ్బాయి:

రాయండక్కా. ఆవిడ ఉండి ఉంటే సంతోషించేది.