అప్‌డేట్: వన్‌టౌన్ పాత మేడ, టైల్స్ కింద కాంక్రీటు

విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతల నాటి మేడ ఉంది. అందులో పాత కాంక్రీటు నేల మీద నేరుగా టైల్స్ వేయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ముందు తేమ చూడమన్న అందరికీ చాలా థ్యాంక్స్.

తేమ తెలియడానికి నేల మీద ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలేశాం. తీస్తే వీధి గోడ పక్కన షీటు అడుగున నీటి బొట్లు, కాంక్రీటు నల్లబడి ఉంది! నడిమి గది మాత్రం పొడిగానే ఉంది. అక్కడ సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా చెక్కించి పూడ్పించాం. పాత రంగు గ్రైండర్‌తో తీయించి, దుమ్ము లేకుండా చేసి ప్రైమర్ (టైల్స్ బాగా పట్టేందుకు ముందు వేసే పూత) కొట్టించాం. సోమవారం నుంచి టైల్స్.

వీధి గదికి తొందరపడటం లేదు. గోడలు సున్నంతో కట్టినవి. నేలను పూర్తిగా మూసేస్తే తేమ గోడల్లోకి ఎక్కుతుందని నా టెన్షన్. వాన నీరు గోడ పక్కన నిలవకుండా బయట వాలు సరిచేయిస్తున్నాం. ఆరాక మళ్లీ షీటు వేసి చూస్తాం.