తీగకు గుచ్చిన ఉత్తరాలు, తేదీ లేని ఫోటోలు: వంశచరిత్రకు పనికొచ్చేలా దాచేదెలా?

పాతట్రంకు:
ట్రంకుపెట్టెలో తీగకు గుచ్చిన కార్డులు రెండు వందల దాకా, ఇన్లాండ్ ఉత్తరాల కట్ట ఒకటి, జిగురు పేజీల ఆల్బమ్ ఒకటి ఉన్నాయి. చాలా కార్డుల మీద ఇంగ్లీషు తేదీ లేదు. "తారణ, మాఘ శు॥ పంచమి" అని ఉంటుంది, అంతే. ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరాబుడ్డి:
ముందు తీగ మీంచి కార్డులు లాగెయ్యకండి. సగం తేదీలు ఆ వరసే చెబుతుంది. అడుగునున్నది అన్నిటికన్నా పాతది, కొస దగ్గరున్నది కొత్తది. ఒకసారి చెదిరితే ఆ వరస మళ్ళీ రాదు. తీగ ఉన్నదున్నట్టు నాలుగు వైపులా ఫోటో తీసి, కొసనుంచి ఒక్కో కార్డూ తీస్తూ మూలన 4బి పెన్సిలుతో అంకె వెయ్యండి. బాల్‌పెన్ వద్దు, వెనక్కి అచ్చు దిగుతుంది. తీగ తుప్పు పట్టి ఉంటే రంధ్రం చుట్టూ కాగితం పెళుసెక్కి ఉంటుంది. కార్డు అడ్డుకున్న చోట కార్డును లాగకుండా తీగనే కటింగ్ ప్లేయరుతో తుంచండి.

తడిగుడ్డ దగ్గరికి రానివ్వకండి. ఫౌంటెన్ పెన్ను సిరా చుక్క నీటికే పాకుతుంది. మెత్తటి బ్రష్షుతో మధ్యనుంచి అంచులకు దుమ్ము దులిపితే చాలు. సెలోటేపు, లామినేషన్ రెండూ వద్దు. టేపు జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది, లామినేషన్ చేశాక ఇక విడదీయలేం.

స్కాన్ 400 డీపీఐ, రంగుల్లోనే. నలుపు తెలుపులో తీస్తే వెలిసిన సిరా, పోస్టు ముద్ర రెండూ మాయమవుతాయి. చిరునామా వైపు తప్పకుండా తియ్యండి. ఇన్లాండుకైతే పంపినవారి పేరు మడత మీద ఉంటుంది కదా, చాలామంది ఆ ముక్క వదిలేస్తారు.

గోదారిగట్టు:
తేదీ సంగతి. సంవత్సరం పేరు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి తారణ అంటే 1944–45, లేదా 2004–05. ఇక్కడ మొదటిదే అనుకుందాం. అయినా "1944" అని రాసేయకండి. తారణ 1944 ఉగాదికి మొదలైంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది. ఆ ఉత్తరం 1945 జనవరి మూడో వారంలోది. మాఘ ఫాల్గుణాల ఉత్తరాలన్నిటికీ, పుష్యంలో చాలావాటికీ ఈ పొరపాటే జరుగుతుంది.

సంవత్సరం పేరు కూడా లేకపోతే తపాలా బిళ్ల చూడండి. నయాపైసలని ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని ఉంటే చాలావరకు 1970కి ముందుది. "చాలావరకు" అని ఎందుకంటున్నానంటే, జిల్లా మారినా పెద్దవాళ్ళు పాత పేరే రాసేవారు. బిళ్లయినా అంతే, పాత కార్డు ఇంట్లో మిగిలిపోయి నాలుగేళ్ళ తర్వాత పోస్టయి ఉండొచ్చు.

సిరాబుడ్డి:
సంబోధన వదలకండి, అది అన్నిటికన్నా విలువైనది. ఒకావిడ పేరు ముందు "చి॥ల॥సౌ॥" అని వస్తూ వస్తూ ఒక కార్డు నుంచి "గం॥భా॥స॥" అని మారిందనుకోండి. గంగాభాగీరథీ సమానురాలు అని. అంటే ఆ రెండు కార్డుల మధ్యే ఆమె భర్త పోయాడు. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చించేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. అందుకే కట్టలో ఆ కార్డు దొరకదు, ఈ మార్పే దొరుకుతుంది. తద్దినం తిథి ఇంట్లో ఎవరికైనా తెలిస్తే నెలా రోజూ వస్తాయి, సంవత్సరం ఈ కార్డులిస్తాయి.

ఓరుగల్లు_పాతబస్తీ:
నిజాం ఇలాకా కాగితాలైతే ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం రావడానికి దానికి 590 కలపండి. అక్కడ ఫసలీ ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది, కాబట్టి జనవరి దాటిన నెలలకు 591 కలపాలి. మద్రాసు ఇలాకాలో జులై నుంచి లెక్క. భూమి ఉన్న కుటుంబమైతే తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు), ఆంధ్రలో ఇనాం భూములకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. సర్వే నంబరు తెలియకుండా వెళ్తే పని కాదు, ముందు పాత దస్తావేజులోంచి అది రాసుకోండి.

నెగెటివ్:
జిగురు ఆల్బమ్‌లోంచి ఫోటోల్ని గోటితో లేపకండి, వంగి పై పొర పగులుతుంది. పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందికి దూర్చి, రంపంలా మెల్లగా ఆడించండి. రాకపోతే అక్కడితో ఆపి పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చెయ్యండి. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫోటోకూ అంతే, అద్దంతో సహా స్కాన్ చెయ్యాలి. పోస్టుకార్డు సైజు ఫోటోకు 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజుకు 1200. అసలు ప్రతి టిఫ్‌లో ఉంచండి. బంధువులకు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. వెనక స్టూడియో ముద్ర ఉంటే అదీ తియ్యండి, ఊరు తెలుస్తుంది.

దాచడానికి పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. పీవీసీ వద్దు, కొన్నాళ్ళకు జిగటెక్కుతుంది. పచ్చి వేపాకు పెట్టకండి, తేమ ఇస్తుంది, మరక పడుతుంది. పురుగు కనిపిస్తే గాలి తీసిన జిప్‌కవర్లో కాగితాల్ని మూసి (ఫోటోలు వద్దు) డీప్ ఫ్రీజర్లో వారం ఉంచండి. తీశాక ఒకరోజు పూర్తిగా గడిచేదాకా కవరు తెరవకూడదు, తెరిస్తే చల్లటి కాగితం మీద తడి పడుతుంది.

పాతట్రంకు:
వివరాలన్నీ వంశవృక్షంలో ఎక్కించేటప్పుడు మేనరికాలతో చిక్కు వస్తోంది. ఒకే మనిషి రెండు కొమ్మల్లో కనిపిస్తున్నాడు.

గోదారిగట్టు:
రెండుసార్లు ఎక్కించకండి. గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేరు ఉచితం, ఒకే మనిషికి రెండు దారులున్నా తీసుకుంటుంది. ప్రతి మనిషికీ ఒక నంబరివ్వండి, ఎందుకంటే తాత పేరే మనవడికి పెడతారు, పేరుతో వెతికితే ఇద్దరూ కలిసిపోతారు. దత్తత వెళ్ళినవాళ్ళకు ఇంటిపేరూ గోత్రమూ మారతాయి. కన్నవాళ్ళనూ పెంచినవాళ్ళనూ విడివిడిగా రాయండి. ఆడవాళ్ళకు పుట్టింటి పేరు ముఖ్యం, పెళ్ళయ్యాక పేరే మార్చిన ఇళ్ళూ ఉన్నాయి. తర్పణాల్లో చెప్పే మూడు తరాల పేర్లు తల్లివైపువి కూడా అడిగి రాసుకోండి. తర్పణాలు లేని కులాల్లో వంశం చెప్పేవాళ్ళు వేరు. పద్మశాలీలకు కూనపులివారు, రెడ్లు కాపులకు పూర్వం పిచ్చుకుంట్లవారని పిలిచిన వంశరాజులు. వాళ్ళు చెప్పేటప్పుడు ఫోనులో రికార్డు చెయ్యండి, రాసుకుంటూ కూర్చుంటే తరాలు దాటిపోతాయి.

డర్బన్_తెలుగు:
దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీకి వచ్చినవాళ్ళ ఓడ జాబితాలో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు ఉంటాయి. మొదటి ఓడ 1860 నవంబరులో మద్రాసు నుంచే వచ్చింది. ఊరి పేరు గుమాస్తా చెవికి వినపడినట్టు రాసింది కాబట్టి స్పెల్లింగుతో వెతికితే దొరకదు. పైకి చదివి, ఆ తాలూకా ఊళ్ళ పట్టికతో పోల్చండి.