ఊరి తగాదా మీద వార్త: ఎవరి మాట ఎంతవరకు రాయాలి? (చర్చ)

పెన్నాగట్టు: చెరువు పోరంబోకులో రొయ్యల గుంటలు తవ్వారని ఒక పక్షం, కాదు డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్) భూమే అని రెండో పక్షం. కావలి నుంచి ఉలవపాడు దాకా తీరం వెంట ఇలాంటివి వింటూనే ఉంటాం. జీతాల్లేకుండా వార్తలు రాసే బృందాలు ఇలాంటిది ప్రచురించాలంటే కనీసం ఏం చేతిలో ఉండాలి? రెండు పేపర్లలో వచ్చి ఉంటే చాలా?

గొలుసుకొలత: రెండు పేపర్లను పక్కపక్కన పెట్టి చదవండి. పేర్ల వరస ఒకటే అయి, విస్తీర్ణంలో పడిన తప్పు కూడా రెండింట్లో ఒకేలా ఉంటే అది ఒకే ప్రెస్‌నోట్. అప్పుడు ఆధారం ఒకటే, రెండు కాదు.

భూమి విషయంలో అందరూ అడంగల్ ప్రింటు తెచ్చి చూపిస్తారు. అందులో సాగులో ఎవరున్నారో ఉంటుంది, యాజమాన్యం దానితో తేలదు. 1-బి (హక్కుల రికార్డు) కూడా తప్పని రుజువయ్యేదాకా నిజమనుకునే రికార్డే. భూమి అసలు వర్గం ఏమిటో తెలియాలంటే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకలు, హద్దులకు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), రిజిస్ట్రేషన్ నిషేధం ఉందో లేదో తెలియాలంటే 22-ఎ జాబితా చూడాలి. మీభూమి వెబ్‌సైట్‌లో తీసిన ప్రతి కాగితం మీద తీసిన తేదీ వేసుకోండి, నెల తర్వాత అదే పేజీ వేరేగా కనిపించొచ్చు.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. ఒకాయన పాత నంబరు చెబుతాడు, ఇంకొకాయన కొత్తది. రెండూ ఒకే చెక్క అని తేల్చుకోకుండా రాస్తే లేని రెండో తగాదా మనమే పుట్టించినట్టు.

డీకేటీ అన్నారు కాబట్టి పట్టా ఇచ్చిన తేదీ అడగండి. అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు దాటిన పట్టాల విషయంలో మొదటి లబ్ధిదారులకు 2023 సవరణ అమ్ముకునే వీలు కల్పించింది. తేదీ తెలియకుండా ‘అక్రమ అమ్మకం’ అని రాయకండి.

ఒంగోలుగిత్త: కొలతలు కూడా. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే సెంటుకు 6.05 అంకణాలు. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. అంకణం అని వదిలేయకుండా పక్కనే సెంట్లలో రాయాలి. జిల్లా పేరూ అంతే. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిపారు. కాగితం ఏ నాటిదో ఆ నాటి జిల్లా పేరే ఉంటుంది. దాన్ని చూసి దొంగ కాగితం అనడం తొందరపాటు.

కోర్టువరండా: ఇలాంటి గొడవల్లో కేసుకు కౌంటర్ కేసు మామూలే. ఒక పక్షం ఎఫ్‌ఐఆర్ మాత్రమే దొరికితే రెండోదీ ఉందా అని స్టేషన్‌లో అడిగి తీరాలి. 2016 సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం, సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది ఫిర్యాది మాట. ‘పోలీసులు తేల్చారు’ అని రాయడానికి అది పనికిరాదు. స్టే వచ్చిందని ఎవరైనా అంటే ఈ-కోర్టుల సైట్‌లో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు నంబరు) ఉత్తర్వు తీసి చదవండి. ‘స్టేటస్ కో’కీ (ఉన్నది ఉన్నట్టే ఉంచమనడం) ‘స్టే’కీ (అమలు ఆపమనడం) తేడా తెలియక రాసిన వార్తలే ఎక్కువ.

దొరువునీళ్లు: గుంటల ఉప్పు బోర్లలోకి దిగిందని ఒక పక్షం ఖాయంగా అంటుంది. చేతి మీటరు రీడింగు సూచన మాత్రమే, ల్యాబు కాగితం కావాలి. తాగునీటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెల రీడింగునీ జనవరి రీడింగునీ పక్కపక్కన పెట్టి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అంటే అది వానల లెక్కే అవుతుంది. అదే బోరు, అదే నెల, రెండు సంవత్సరాలవి ఉంటేనే పోల్చండి.

పెన్నాగట్టు: కాగితాల సంగతి అర్థమైంది. మరి భాష? ఇద్దరికీ చెరో నాలుగు వాక్యాలు ఇస్తే సమానమైనట్టేనా?

ముళ్లకంప: కాదన్నా. పక్షపాతం క్రియాపదంలో కూర్చుంటుంది. మన పేపర్లలో తహసీల్దారు ‘స్పష్టం చేస్తారు’, నాయకుడు ‘తేల్చి చెబుతారు’, రైతు ‘వాపోతాడు’, ఎదుటివాళ్లు ‘మండిపడతారు’. అందరికీ ‘అన్నారు’, ‘చెప్పారు’ వాడి చూడండి, సగం మొగ్గు అక్కడే పోతుంది. ‘ఆరోపించారు’ వాడితే రెండు వైపులా వాడాలి. ‘కబ్జాదారులు’ వద్దు, ‘పేదలు’ కూడా వద్దు. ‘సాగులో ఉన్నవారు’ చాలు. కర్త లేకుండా ‘అంటున్నారు’ అని వాక్యం ముగిస్తే ఎవరన్నారో రాయలేదని అర్థం, దాన్ని కొట్టేయండి. రేవు ఊళ్లలో దురాయి (ఊరి పెద్దల కట్టుబాటు ఆజ్ఞ) వేశారన్న వార్తా అంతే. ఎవరు వేశారు, ఏ రోజు, ఎవరి ముందు చెప్పారు, ఇవి లేకపోతే పుకారే.

తూకం ఉండాలని రికార్డును కూడా ‘ఒక వాదన’గా రాయొద్దు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పోరంబోకు అని ఉంటే ఉందని రాయాలి. దాన్ని రెండో పక్షం ఎందుకు ఒప్పుకోవడంలేదో కింద రాయాలి.

ఒంగోలుగిత్త: ఇంత వెతికేసరికి వారం అవుతుంది, ఈలోపు వాట్సాప్‌లో అంతా తిరిగేస్తుంది కదా?

గొలుసుకొలత: తెలిసినంతే వెయ్యండి. ‘ఫలానా రోజు ధర్నా జరిగింది, వాళ్ల డిమాండ్ ఇది’ అనడానికి ఆర్‌ఎస్‌ఆర్ అక్కర్లేదు. రెండో పక్షానికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఏ గంట దాకా ఎదురు చూశారో అందులోనే రాయండి. కాగితాల కోసం అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు పడేయండి. మన రాష్ట్రంలో మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైన 10, గ్రామస్థాయిలో ఫీజు లేదు. గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. వాట్సాప్ వీడియో వచ్చిందా, తీసినాయన్ని పట్టుకుని ఒరిజినల్‌ను డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే తీసిన తేదీ వివరాలు పోతాయి.

కోర్టువరండా: ఇంకొకటి. రాసేవాడికి ఆ ఊళ్లో భూమో, బంధుత్వమో, గుంటల్లో వాటానో ఉంటే ఆ వార్త వేరొకరికి ఇవ్వాలి. ఎవరూ లేకపోతే ఆ సంగతి వార్త కిందే రాయాలి. తప్పు దొర్లితే చప్పుడు చేయకుండా దిద్దకూడదు, పాత మాట, కొత్త మాట, మార్చిన సమయం మూడూ కనిపించాలి.

పెన్నాగట్టు: సరే, మొదటి వాక్యం ఇలా మార్చాను, చూడండి: ‘చెరువు భూమిలో తవ్విన గుంటలను పూడ్చాలని ఆయకట్టు రైతులు సోమవారం తహసీల్దారును కోరారు. తమది పట్టా భూమి అని గుంటల యజమానులు చెప్పారు.’

ముళ్లకంప: ‘చెరువు భూమిలో’ అని మొదటి మాటలోనే తీర్పిచ్చేశారు సామీ. ఆర్‌ఎస్‌ఆర్ నకలు వచ్చిందా?

పెన్నాగట్టు: రాలేదు. ‘చెరువు పక్కన’ అని మార్చాను.

గొలుసుకొలత: పక్కనో లోపలో ఎఫ్‌ఎంబీ చూస్తేనే తెలిసేది. సర్వే నంబరు వేసి వదిలేయండి.