వరల్డ్ వార్ 2 మీద బెస్ట్‌సెల్లర్లు: చరిత్రా, టైంపాసా?

బెజవాడ_బుక్‌స్టాల్:
సూటిగా అడుగుతున్నా. షైరర్, బీవర్, హేస్టింగ్స్ లాంటి పాపులర్ రైటర్లవి, యుద్ధకాలపు బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాసిన ఆరు వాల్యూములు, ఇలాంటి లావుపాటి పుస్తకాలు చదివినోడు రెండో ప్రపంచ యుద్ధం చరిత్ర చదివినట్టా కాదా? మొన్న వేరే థ్రెడ్‌లో ఒకాయన "షైరర్ ఒక్కడు చాలు" అంటే ఇంకొకాయన "అది జర్నలిజం, చరిత్ర కాదు" అని తీసిపారేశాడు. నా ఓటు మొదటాయనకే. షైరర్ 1940 డిసెంబర్ దాకా బెర్లిన్‌లో రిపోర్టర్‌గా ఉన్నాడు, కాంపియేన్ అడవిలో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోతూ సంతకం పెట్టిన రోజు అక్కడే ఉన్నాడు, తర్వాత జర్మన్ విదేశాంగ శాఖ కాగితాలు 485 టన్నులు అమెరికా వాళ్ల చేతికి చిక్కితే అలాంటివన్నీ తవ్వుకుని 1960లో నాజీ జర్మనీ మీద పుస్తకం వేశాడు. ఇంకేం కావాలండీ?

ఆర్కైవ్_పురుగు:
షైరర్‌తో నాకు పెద్ద పేచీ లేదు, కాకపోతే 16వ శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ దగ్గర మొదలెట్టి హిట్లర్ దాకా ఒకటే గీత గీసేస్తాడు, జర్మన్లంటే పుట్టుకతోనే అంతే అన్నట్టు, అది మాత్రం నాకు ఎక్కదు. అసలు గొడవ పాల్ కారెల్ లాంటి వాళ్లతో. బార్బరోసా, అంటే 1941లో సోవియట్ మీద జర్మనీ దాడి, దాని మీద 60ల్లో ఆయన రాసినవి ఇంగ్లీషులో కూడా తెగ అమ్ముడుపోయాయి. ఇంతకీ ఆయనెవరు? అసలు పేరు పాల్ ష్మిట్, హిట్లర్ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ దగ్గర ప్రెస్ చీఫ్, ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) ఆఫీసర్. 1944 మేలో బుడాపెస్ట్ యూదుల్ని పట్టుకెళ్లేటప్పుడు విదేశాల్లో గోల కాకుండా ముందే ఒక సాకు తయారుచెయ్యండి, యూదుల క్లబ్బుల్లో ప్రార్థనా మందిరాల్లో పేలుడు పదార్థాలు దొరికినట్టు చూపించండి అని నోట్ రాసిన మనిషి. యుద్ధం అయ్యాక పేరు మార్చుకుని మనకి "సామాన్య సైనికుడి కథ" చెప్పాడు. మంచు, బురద, వీరత్వం అన్నీ ఉంటాయి అందులో, జర్మన్లు చంపి పూడ్చిన జనాల శవాల గుంటలు మాత్రం ఉండవు. హాల్డర్ సంగతి కూడా అంతే, హిట్లర్ ఆర్మీ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసినోడు, యుద్ధం తర్వాత అమెరికా ఆర్మీ హిస్టరీ విభాగంలో జర్మన్ జనరల్స్ చేత రాయించే పని ఆయనకే ఇచ్చారు, 1961లో అవార్డు కూడా. తప్పంతా హిట్లర్‌ది, మేం సిపాయిలం అనే పాట అక్కణ్ణుంచే వచ్చింది.

ట్యాంకుల_పిచ్చోడు:
అన్నా ఒక్క జర్మన్లనే అంటే ఎలా. రష్యాలో ప్రొఖోరోవ్కా యుద్ధం తీసుకో, 1943 జులై 12. ప్రపంచంలోనే అతిపెద్ద ట్యాంకు యుద్ధం, 1500 ట్యాంకులు గుద్దుకున్నాయి అని ఏళ్లతరబడి అన్ని పుస్తకాల్లో అదే. సోవియట్ కమాండర్ రోట్‌మిస్ట్రోవ్ అయితే 400 జర్మన్ ట్యాంకులు లేపేశాం, అందులో 70 టైగర్లు (జర్మన్ల భారీ ట్యాంకులు) అన్నాడు. ఆ రోజు అక్కడున్న ఎస్ఎస్ ట్యాంకుల దళం (పాంజర్ కోర్) మొత్తానికి నడిచే టైగర్లు ఇరవై కూడా లేవు!! నిజానికి రోట్‌మిస్ట్రోవ్ ట్యాంకులే ఫుల్ స్పీడులో వచ్చి సోవియట్ వాళ్లు తవ్వుకున్న కందకంలోనే పడ్డాయి. 90ల్లో సోవియట్ ఆర్కైవ్‌లు తెరిచాక గానీ ఈ లెక్కలు బయటికి రాలేదు.

బెజవాడ_బుక్‌స్టాల్:
ఆ ఆర్కైవ్‌ల్లోకి వెళ్లి జనానికి అర్థమయ్యేలా రాసింది మళ్లీ పాపులర్ రైటరే కదా బ్రదర్. 1998లో స్టాలిన్‌గ్రాడ్ పుస్తకం కోసం బీవర్ మాస్కో దగ్గరి పొడోల్స్క్ ఆర్కైవ్‌లో మిలిటరీ ఫైళ్లు చదివాడు, సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలు పెట్టాడు. అది చదివే కదా మనలో సగం మంది ఈ టాపిక్‌లోకి దిగింది. ప్రొఫెసర్ల పుస్తకాలు ఒక్కోటి ఏడు వేలు ఎనిమిది వేలు, నాలుగు పేజీలకే నిద్రొస్తుంది, ఎవడు చదువుతాడు?

ఆర్కైవ్_పురుగు:
నిద్రొస్తే పర్లేదు గారూ, తప్పుడు అంకె బుర్రలో పాతుకుపోతేనే డేంజర్. 1945లో జర్మన్ నగరం డ్రెస్డెన్ మీద జరిగిన బాంబింగ్‌లో 1,35,000 మంది పోయారని 1963లో డేవిడ్ ఇర్వింగ్ రాశాడు. 1966లో ఆయనే లండన్ టైమ్స్‌కి లెటర్ రాసి అంతమంది కాదని సర్దుకున్నాడు. 2010లో డ్రెస్డెన్ నగరం వేసిన చరిత్రకారుల కమిషన్ ఎంత లాగినా 25,000 దాటదని తేల్చింది. అయినా వాట్సాప్‌లో ఇప్పటికీ ఏ అంకె తిరుగుతోందో చూడండి. సదరు ఇర్వింగ్ హోలోకాస్ట్‌ని (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడాన్ని) కాదనే బాపతు అని 2000లో లండన్ కోర్టే తేల్చి చెప్పింది. అంకె మాత్రం చావలేదు.

రంగం_మనవరాలు:
మీరంతా యూరప్‌లోనే తిరుగుతున్నారు. 1942 మార్చిలో బర్మాలో రంగూన్ జపాన్ చేతిలో పడిపోయింది. అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు అరకాన్ మీదుగానో మణిపూర్ కొండల్లోంచో నడిచొచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడల మీద జపాన్ బాంబులు. ఈ కథ మా ఇంట్లో రోజూ ఉండేది, ఏ బెస్ట్‌సెల్లర్‌లోనూ రెండు లైన్లు మించి చూళ్లేదు. ఇక బెంగాల్ కరువు: బర్మా బియ్యం ఆగిపోయింది, జపాన్ వాళ్లకి చిక్కుతాయని తీరంలో వేల పడవల్ని సర్కారే లాగేసుకుంది, 1943 మొదలుకుని 30 లక్షల మంది దాకా పోయారు. చర్చిల్ గారి ఆరు వాల్యూముల్లో దాని ఊసే దాదాపు లేదు, పైగా 1953లో సాహిత్యానికి నోబెల్! 25 లక్షల ఇండియన్ సైనికులు కూడా ఆ పుస్తకాల్లో సైడ్ క్యారెక్టర్లే. చరిత్రకారులు శ్రీనాథ్ రాఘవన్, యాస్మిన్ ఖాన్ వచ్చాకే మన వైపు నుంచి మామూలు పాఠకుడు చదవగలిగేవి దొరికాయి, అవి కూడా 2015, 2016ల్లో. నేనైతే షాపులో ముందు ఇండెక్స్ తీసి బెంగాల్ అనే మాట వెతుకుతా, లేకపోతే అక్కడే పెట్టేస్తా.

ట్యాంకుల_పిచ్చోడు:
అక్కా సూపర్ టెస్ట్. చైనా కూడా కలుపుకో, కోటి మందికి పైగా పోయినా ఒక చాప్టర్‌తో సరిపెడతారు.

బెజవాడ_బుక్‌స్టాల్:
షైరర్ ఇండెక్స్‌లో బెంగాల్ ఎందుకుంటుందమ్మా, ఆయన రాసింది జర్మనీ గురించి! చర్చిల్‌ని అనండి, ఒప్పుకుంటా, ఆయన యుద్ధం నడిపిన ప్రధానిగా తన కేసు తనే వాదించుకున్నాడు. షైరర్‌ని మాత్రం ఆ లిస్టులోంచి తీసెయ్యండి.

రంగం_మనవరాలు:
తీసేశాను సార్. మరి "షైరర్ ఒక్కడు చాలు" అన్న ఆ మొదటాయనకి మీరేసిన ఓటు కూడా వెనక్కి తీసుకుంటారా?