ఆసు-కింగు పట్టుకుని ఫ్లాప్ మిస్ అయితే ఎక్కడ ఆగాలి?

ఇస్పేటు_ఆసు:

అందరికీ నమస్తే. నేను డాలస్ పక్కన ఉంటా, శనివారం శనివారం ఇక్కడి కార్డ్ రూమ్‌లో 1/3 డాలర్ల హోల్డెమ్ పోకర్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు; పంచకముందే ఇద్దరు 1, 3 పెట్టాలి) ఆడతా, మొదలుపెట్టి ఏడాది అయింది. నా ఇబ్బంది అంతా ఏకే (ఆసు-కింగు)తోనే. జోడీ వస్తే ఎలా ఆడాలో కొంచెం తెలుస్తోంది, చెత్త ముక్కలైతే పడేస్తా, కానీ ఏకే వచ్చి ఫ్లాప్‌లో (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో) రెండూ తగలకపోతే చేతులు ఆడవు నాకు.

మొన్న జరిగింది చెప్తా. ముందు సీట్లలోనే ఉన్నా, ఇస్పేటు ఆసు, ఆఠీను కింగు. పందెం 15కి పెంచా (రెయిజ్), ముగ్గురు అంతే వేసి వచ్చారు (కాల్): కటాఫ్, బటన్ (చివర్న ఆడే రెండు సీట్లు), బిగ్ బ్లైండ్ (ముందే 3 పెట్టినవాడు), పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 61. ఫ్లాప్ డైమన్ 9, కళావరు 8, కళావరు 6. బిగ్ బ్లైండ్ చెక్ (ఏమీ వేయకుండా వదిలాడు), రెయిజ్ చేసింది నేనే కదా వెనక్కి తగ్గకూడదు అనుకుని 40 వేశా, బటన్ ఒక్కడే కాల్. టర్న్ (నాలుగో ముక్క) 2, 90 వేశా, మళ్ళీ కాల్. రివర్ (ఐదోది, ఆఖరిది) 4, మిగిలిన 155 నెట్టేశా, వాడు కాసేపు ఆలోచించి కాల్ కొట్టి కళావరు 10-9 చూపించాడు. 300 మొత్తం పోయింది.

ఆ దెబ్బకి భయం పట్టుకుని ఇంకో గంటకి ఇంకో తప్పు చేశా. మళ్ళీ ఏకే, ఈసారి కటాఫ్‌లో ఉన్నా, బిగ్ బ్లైండ్ ఒక్కడే కాల్, పాట్ 31. ఫ్లాప్ క్యూ-7-2, మూడూ వేరే రంగులు. వాడు చెక్, నేనూ చెక్. టర్న్ 5, వాడు 20 వేస్తే పడేశా. ఇంటికొచ్చాక రెండూ తప్పే అనిపించింది కానీ ఎందుకు తప్పో సరిగ్గా చెప్పలేకపోతున్నా. ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

మూడో_సీటు:

బాగా అడిగావ్ బ్రో, చేతులు పూర్తిగా రాసినందుకు థాంక్స్, చాలామంది పోయిన అమౌంట్ ఒక్కటే రాస్తారు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఏకే అంటే ఇంకా తయారవ్వని చెయ్యి. ఫ్లాప్‌లో జోడీ గానీ అంతకన్నా మంచిది గానీ తగిలేది 32 శాతం చిల్లరే, అంటే మూడుసార్లలో దాదాపు రెండుసార్లు మిస్సే. మిస్ అయ్యాక నీకు పనికొచ్చే ముక్కలు ఆరు (మూడు ఆసులు, మూడు కింగులు), టర్న్‌లో పడే ఛాన్స్ 12.8 శాతం, టర్న్ రివర్ రెండూ చూస్తే 24 శాతం. నీ మొదటి చేతిలో ఆ ఆరు కూడా లేవు. కళావరు ఆసు, కళావరు కింగు పడితే నీకు జోడీ వస్తుంది, కళావర్లు రెండు పట్టుకున్నవాడికి ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) అయిపోతుంది. క్లీన్‌గా ఉన్నవి నాలుగే.

ఇప్పుడు నీ 40 సంగతి. 61 పాట్‌లో 40 వేస్తే, అది బ్లఫ్ (చెయ్యి లేకుండా భయపెట్టే పందెం) అనుకుంటే, 40 శాతం సార్లు అందరూ పడేయాలి, అప్పుడు గానీ పెట్టింది వెనక్కి రాదు. ఇక్కడ ‘అందరూ’ అనే మాట దగ్గరే దెబ్బ తిన్నావ్. ముగ్గురూ ఒకేసారి పడేయాలంటే ఒక్కొక్కరు సుమారు 73 శాతం సార్లు పడేయాలి. 9-8-6 బోర్డ్ మీద, అదీ కళావర్లు రెండు ఉన్నప్పుడు, 15కి కాల్ చేసి వచ్చినవాళ్ళు అన్నిసార్లు పడేస్తారా? వాళ్ళ దగ్గర ఉండేవే ఆ ముక్కలు, 10-9, 8-7, చిన్న జోడీలు. ఆ ఫ్లాప్ నీది కాదు, వాళ్ళది. అక్కడ చెక్ చేసి ఎవరైనా గట్టిగా వేస్తే పడేయడమే, 15 డాలర్లతో పోయేది.

ఇంకోటి, ఇది నేను గమనించింది, మన టెక్సస్ రూముల్లో పాట్‌లో రూమ్ వాళ్ళ కోత ఉండదు కదా, గంటకి ఇంత అని సీటు డబ్బు కడతాం, కట్టినందుకు ఆడాలి అని జనం ఎక్కువ చేతులు చూస్తారు, కాల్స్ ఎక్కువ పడతాయి. అలాంటి టేబుల్ మీద మూడు వీధులూ (ఫ్లాప్, టర్న్, రివర్) బ్లఫ్ చేయడం చాలా ఖరీదు.

కళావరు_రాణి:

తమ్మీ, నేను హైదరాబాద్ల ఉంట. ఇక్కడ 2017 నుంచే ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు బంద్, 2025ల దేశమంతటా చట్టం తెచ్చిన్రు, మేము ఇంట్ల అక్కాచెల్లెండ్లం చింతగింజలు చిప్స్ లెక్క పెట్టుకుని ఆడుకుంటం. ఆటయితే అదే ఆట.

రమ్మీ ఆడినవ్ గదా? ఫస్ట్ డ్రాప్ 20, మిడిల్ డ్రాప్ 40, ఆగకుంట పట్టుకుని కూసుంటే ఫుల్ కౌంట్ 80. రెండు జోకర్లు ఉన్నయ్ గదా అని ప్యూర్ సీక్వెన్స్ లేకున్నా కూసున్నోడే ఎక్కువ మునుగుతడు. నువ్వు జేసింది గదే. ముక్కలు చూడనీకి మంచిగున్నయ్ అని మస్తు ముందుకు వోయినవ్. ఫ్లాప్ల 40 వేసుడు తప్పే, కానీ అది చిన్న తప్పు. బటన్ కాల్ కొట్టినంక టర్న్ల 90 ఏసినవ్ చూడు, అది పెద్దది. 2 పడితే ఎవ్వలికి భయం? నీ కథల ఏం మారింది? వాని దగ్గర ఫ్లాప్ల ఏమున్నదో టర్న్ల కూడా అదే ఉన్నది.

రివర్ 155 గురించి ఒక్క మాట. అప్పటికి పాట్ 321 అయింది, నీకు చూసిడిసిపెట్ట బుద్ధి కాలే, నాకు సమజైతది. కానీ 9 జోడీ పట్టుకుని రెండుసార్లు కాల్ కొట్టినోడు నాలుగు పడంగనే పడేస్తడా?

ఇస్పేటు_ఆసు:

అక్కా డ్రాప్ లెక్క చెప్పగానే అర్థమైంది, మా నాన్నగారు ఎప్పుడూ అదే తిట్టేవారు పండక్కి ఆడేటప్పుడు. మూడో సీటు అన్నా, మరి రెండో చెయ్యి? అక్కడ చెక్ చేసి పడేశా కదా, నష్టం 15తో పోయింది, అది కూడా తప్పేనా?

మూడో_సీటు:

అది కూడా తప్పే, పైగా చాలాసార్లు జరిగే తప్పు, కనపడకుండా కారిపోయే డబ్బు అది. క్యూ-7-2 వేరే రంగులు, ఒక్కడే ఎదురు, వాడు చెక్ చేశాడు, నువ్వు వాడి తర్వాత ఆడతావ్. ఇంతకన్నా మంచి చోటు ఏకేకి దొరకదు. 31లో 10 వేస్తే చాలు, నాలుగింట ఒక్కసారి పడేసినా సరిపోతుంది. బిగ్ బ్లైండ్ వాడికి ఆ ఫ్లాప్ చాలావరకు తగలదు. అసలు సంగతి ఏంటంటే అక్కడ చాలాసార్లు నీదే పెద్ద చెయ్యి. వాడి దగ్గర జాక్-10 ఉందనుకో, వాడు నీ వెనకే ఉన్నాడు కానీ వాడికీ ఆరు ముక్కలు ఉన్నాయి. నువ్వు చెక్ చేస్తే వాటిలో ఒకదాన్ని వాడికి ఫ్రీగా చూపిస్తున్నట్టే. 10 డాలర్లతో వాడు లేచిపోతే నీకు లాభమే.

ఆఖరి_ముక్క:

మూడో సీటు గారు చెప్పినదాంతో ఒకచోట విభేదిస్తాను. క్యూ-7-2 మీద 10 వేయడం మంచిదే, నేనూ ఎక్కువసార్లు వేస్తాను, కానీ చెక్ చేయడం కూడా తప్పేమీ కాదు. ఏ జోడీ లేని చేతుల్లో ఏకేదే పైచేయి, చూపించుకుంటే కూడా కొన్నిసార్లు గెలుస్తుంది. అసలు తప్పు చెక్ కాదండీ, చెక్ చేశాక టర్న్‌లో 20కి వెంటనే పడేయడం. మీరు చెక్ చేయగానే ఎదుటివాడు ‘వీడి దగ్గర ఏం లేదు’ అనుకుని ఏది ఉన్నా వేస్తాడు. 51కి 20, అంటే 28 శాతం సార్లు గెలిస్తే చాలు. పైగా మీ చేతిలో ఆసు, కింగు ఉన్నాయి కాబట్టి వాడి దగ్గర ఆసుల జోడీ ఉండే రకాలు ఆరు నుంచి మూడుకి పడిపోతాయి, కింగులూ అంతే. 5 పడింది, మామూలు ముక్క. ఒక్కసారి కాల్ చేసి రివర్‌లో మళ్ళీ పెద్దగా వేస్తే అప్పుడు పడేయొచ్చు. అయితే మీ టేబుల్ మీద టర్న్‌లో వేసేవాళ్ళు నిజంగా ఏదో ఉంటేనే వేసే రకమైతే ఈ కాల్ వద్దు, అది మనిషిని చూసి తేల్చుకోవాల్సిందే.

ఇస్పేటు_ఆసు:

ఇంకొక్కటి అడుగుతా ఏమనుకోకండి. క్యూ-7-2 మీద 10 వేశా, వాడు కాల్ చేశాడు అనుకుందాం. తర్వాత?

మూడో_సీటు:

ఆఖరి ముక్క గారు చెప్పిన టర్న్ కాల్ పాయింట్ కరెక్టే, ఒప్పుకుంటున్నా.

నీ ప్రశ్నకి, టర్న్ ముక్క చూడు. ఆసో కింగో పడితే చెప్పక్కర్లేదు, దాని విలువకి వెయ్యి. జాక్ గానీ 10 గానీ పడితే ఇంకోసారి వేయొచ్చు, ఎందుకంటే జాక్ పడితే నీకు 10 వస్తే స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు), 10 పడితే జాక్ వస్తే స్ట్రెయిట్, నాలుగు ముక్కలు కలిశాయి, ఆరుతో కలిపి పది. వాడు కాల్ చేసినా చచ్చిన చెయ్యి కాదు నీది. 5, 3, ఇంకో 7 లాంటివి పడితే చెక్ చేసి ఫ్రీగా రివర్ చూసుకో.

ఫ్లాప్‌లోనే అలాంటివి ఉంటే, జాక్-10-4 లాంటివి, అప్పుడే పది ముక్కలు నీకు, చివరిదాకా చూస్తే 38 శాతం, అక్కడ ఒకడో ఇద్దరో ఎదురుంటే ధైర్యంగా వెయ్యి. అదే 9-8-6 మీద ముగ్గురుంటే చెయ్యి కదపకు. వచ్చే శనివారం ఏకే వస్తే ఫ్లాప్ పడగానే ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు, తర్వాత బోర్డ్ చూడు, నీ ముక్కలు ఆఖర్న చూసుకో. చేతులు రాసి పెట్టు, చూస్తాం.