స్కూల్లో మాత్రమే కడుపునొప్పి: ఇంటికి తీసుకురావాలా, అక్కడే ఉంచాలా?

మా పాప ఒకటో తరగతి. వేసవి సెలవులయ్యాక స్కూల్ తెరిచినప్పటి నుంచి వారంలో రెండు మూడు రోజులు ఉదయం 11 గంటల ప్రాంతంలో బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. ఫోన్ వస్తే వెళ్లి తీసుకొస్తాం. ఇంటికొచ్చిన అరగంటకే ఆడుకుంటుంది. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఒక్కసారీ రాలేదు. జ్వరం, వాంతులు, విరేచనాలు లేవు, మలబద్ధకమూ లేదు. బరువు తగ్గలేదు, రాత్రి నొప్పితో లేవదు. నటన మాత్రం కాదండీ, పిల్ల ముఖం పాలిపోతుంది.

పిల్లల డాక్టర్ మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించారు, అన్నీ నార్మల్. టెన్షన్ వల్ల కావచ్చు, కానీ నొప్పి నిజమే అన్నారు. నులిపురుగుల మాత్ర వేశాం. పొద్దున పాలు మానిపించి చూశాం. క్లాసులో ఎవరూ ఏడిపించడం లేదని టీచర్ చెప్పారు.

ఇది దాటి వచ్చిన తల్లిదండ్రులు చెప్పండి: ఫోన్ రాగానే ఇంటికి తీసుకురావడం మేలా, కాసేపు అక్కడే పడుకోబెట్టి మళ్లీ క్లాసుకి పంపమనడం మేలా?